అవ్వ కంచంలో ఎడమ పక్క

ఈ ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పక్కింటివాళ్లు బీడీలకు నానబెట్టిన తునికాకు కట్ట విప్పారు. కిటికీ తెరవకుండానే నాకు తెలిసింది. తడి ఆకు వాసనలో కొంచెం మట్టి, కొంచెం గోనెపట్టా, వాటి వెనకాల తంబాకు ఘాటు ఉంటాయి. ముక్కు నుంచి పోయే దారి మెదడులో జ్ఞాపకాలు ఉండే చోటుకు చాలా దగ్గరని ఎక్కడో చదివాను. నిజమే కావచ్చు. అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆమె ముఖం గుర్తు చేసుకోవడానికి ఇప్పుడు నేను కొంత ప్రయత్నం చేయాల్సి వస్తోంది. ఈ వాసనకు మాత్రం బాన్సువాడలోని మా పాత పెంకుటింటి వసారా, అందులో వరుసగా కూర్చున్న ఆడవాళ్లు పిలవకుండానే వచ్చేశారు.

ఆ వసారాలో అవ్వ, అంటే మా నాయనమ్మ, అమ్మ, పక్కింటి సాయవ్వ ముగ్గురూ ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. వానాకాలంలో ఆకు మెత్తగా మాట వినేది, ఎండాకాలంలో ఎంత నానబెట్టినా అంచుల దగ్గర విరిగేది. కాలువకు నీళ్లు వదిలి ఊరంతా నాట్లకు పోయిన రోజుల్లో కూడా మా వసారా ఖాళీ అయ్యేది కాదు. బతుకమ్మ రోజుల్లో కోసుకొచ్చిన తంగేడు పూలు చాటల పక్కనే కుప్ప పోసేవాళ్లం. రొట్టెలో బెల్లం కలిపి పిసికిన మలీద ముద్ద తిన్న చేతులతో ఆకు ముట్టుకుంటే అవ్వ కత్తెర వెనక్కి తిప్పి వేళ్ల మీద ఒకటి వేసేది. డోంగ్లి వైపు నుంచి వచ్చే గాజులామెతో సగం మరాఠీలో, సగం తెలుగులో బేరమాడుతూ, చేతుల వంక చూడకుండానే చుట్టేది.

నేను మూడో తరగతిలో ఉండగా అవ్వకు పక్షవాతం వచ్చింది. పది రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు సరిగా లేవలేదు గాని మాట చెక్కుచెదరలేదు. అయితే కొన్ని వింతలు మొదలయ్యాయి. తల కుడి పక్కనే దువ్వుకునేది. ఎడమ వైపు జుట్టు గూడులా రేగి ఉంటే పిల్లలం నవ్వేవాళ్లం. “నవ్వుతరేందే? పండ్లు రాలగొడ్త” అనేది. ఆకు ఏరమని చాట ఇస్తే కుడి సగం ఏరి, “ఐపోయింది” అని పక్కన పెట్టేది. చాదస్తం అనుకున్నాం.

తిండి దగ్గర మాత్రం అది నవ్వులాట కాలేదు. అవ్వ గోడకు కుడి భుజం ఆనించి కూర్చునేది కాబట్టి అమ్మ ఎడమ పక్క నుంచి వడ్డించేది. కూర ఆ పక్కనే కంచం అంచున పడేది. పప్పు కలిపి పెట్టిన రోజు గొడవ ఉండేది కాదు. కూర విడిగా వేసిన రోజు అవ్వ కొంత అన్నం తిని చేయి ఆపేది.

“కూర ఎయ్యవా పిల్లా?”

“ఏసిన గదత్తా. నీ ముందటనే ఉన్నది.”

“ఉత్త బువ్వ పెట్టి నన్ను గుడ్డిదాన్ని చేస్తున్నవా?”

ఈ మాట వాకిలి దాటింది. సాయవ్వ ఆకు కోస్తూ, “ఏందే సుశీలా, ముసల్దానికి ఉత్త బువ్వేనట? పుంటికూర గూడ పిరమైందా?” అంది. గోంగూర కన్నా చవకైన కూర మా ఊళ్లో లేదు. “నీ ఇంటికి తోల్కపోయి నువ్వే పెట్టరాదు” అంది అమ్మ. సాయవ్వ నవ్వింది. అమ్మ నవ్వలేదు. కంచంలో కూర నేను కూడా చూశాను కాబట్టి అవ్వ అబద్ధమాడుతోందని గట్టిగా నమ్మాను. తొమ్మిదేళ్ల వయసులో నాకు అంత గట్టి నమ్మకాలు చాలా ఉండేవి.

ఆరు నెలల తర్వాత ఒకరోజు ఇంటికొచ్చిన బంధువుల ముందు అవ్వ మళ్లీ అదే మాట అంది. అమ్మ ఏడవలేదు. వాళ్లు వెళ్లాక రెండు చీరలు, నా గౌన్లు రెండు సంచిలో పెట్టింది. “రేపు పొద్దుగాల బిచ్కుంద పోతున్న. మీ అమ్మకు మీరే వండి పెట్టుకోండ్రి” అంది బాపుతో, అంటే మా నాన్నతో. బిచ్కుంద ఆమె పుట్టినిల్లు. ఇంతకుముందు ఎప్పుడు వెళ్లినా ఎప్పుడొస్తుందో చెప్పి వెళ్లేది. ఈసారి చెప్పలేదు. బాపు అడగలేదు. నాకు భయమేసింది.

మర్నాడు బస్సుకు వెళ్లేముందు అమ్మ అవ్వకు అన్నం, ఆలుగడ్డ కూర పెట్టింది. అవ్వ రోజూలాగే కూర లేదంది. అమ్మ సంచి అందుకుంది. నేను అవ్వకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఎలాగూ ఆమె తినదు కదా అని ఒక ముక్క కోసం కంచం నా వైపు లాగబోయాను. అది గచ్చు మీద సగం తిరిగింది. కూర అవ్వకు కుడి పక్కకు వచ్చింది. అవ్వ చేయి నేరుగా దాని మీదికి పోయింది.

“ఇగో, గిప్పుడు ఏసినవ్. ముందే ఏస్తే ఏంబోయె?” అంది తింటూ.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. సంచి కింద పెట్టి వచ్చి అవ్వ ముందు కూర్చుని కంచాన్ని మళ్లీ తిప్పింది. అవ్వ చేయి ఆగింది. “మల్ల తీసినవా?” అమ్మ ఇటు తిప్పింది. అవ్వ తిన్నది. మూడోసారి అమ్మ తిప్పి చూడలేదు. “కడుపు నిండ తిను అత్తా” అంది. బిచ్కుంద బస్సు వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి సగం భోజనం కాగానే అమ్మ అవ్వ కంచం తిప్పేది. తల తనే దువ్వేది. ఎందుకలా జరుగుతోందో మాలో ఎవరికీ తెలియదు. తెలియకుండానే అవ్వ ఇంకో ఏడేళ్లు బతికింది.

కారణం నేను చాలా కాలం తర్వాత ఒక పుస్తకంలో చదివాను. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క లోకం ధ్యాసలోకి రాదట. కళ్లు బాగానే ఉంటాయి. ఆ సగం చీకటిగా కూడా కనిపించదు, ఆ పక్కన ఏదో ఉందన్న ఊహే రాదు. తాడును చూసి పామనుకోవడం గురించి మన వేదాంతులు చాలా చెప్పారు. ఎదురుగా ఉన్న తాడు ఒక మనిషికి అసలు లేకుండా పోవడం గురించి నేను అప్పుడే తెలుసుకున్నాను. అవ్వ తన కంచం మొత్తం చూశాననే అనుకుంది. కోడలు తనను అవమానిస్తోందని అవ్వ, అత్త తనను అవమానిస్తోందని అమ్మ, ఇద్దరూ తమకు కనిపించిన నిజమే చెప్పారు. నేను చూడనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కుదరదు. లేవని అనుకోవడం మాత్రం మానుకున్నాను.

అమ్మకు ఇదంతా చదివి చెప్పాను. “పుస్తకంల గిప్పుడు రాసిండ్రా? మనకు ఎప్పుడో తెల్సు గదనే” అంది. తర్వాత తనే, “అత్త అబద్ధమాడలే. తెలవక నేనే ఆర్నెల్లు తిట్టుకుంట వండిన” అంది.

అవ్వ పోయాక కూడా అమ్మ చేయి ఆ పని మానలేదు. బాపు కంచం తిప్పేది, నా కంచం తిప్పేది, మా ఆయన అల్లుడిగా మొదటిసారి భోజనానికి వస్తే ఆయన కంచమూ తిప్పింది. ఆయన ఏం తప్పు చేశానా అని నా వంక చూశాడు. ఎందుకు తిప్పావంటే, “తిప్పిన్నా?” అనేది. తిప్పినట్టు ఆమెకు తెలిసేది కాదు.

ఇప్పుడు నేనే వడ్డిస్తున్నాను. కొన్ని రోజులు గుర్తు పెట్టుకుని తిప్పాను. గుర్తు పెట్టుకుని చేసే పని, చేయి తనంతట తాను చేసే పని మెదడులో వేర్వేరు చోట్ల ఉంటాయట. నాది మొదటిది, అందుకే నిలవలేదు. మా ఇంట్లో ఇప్పుడు భోజనం మధ్యలో ఎవరూ కంచం తిప్పరు.