మునిగిన ఓడ తలుపు తట్టే మావయ్య

మావయ్య తలుపు తట్టకుండా ఎక్కడా అడుగు పెట్టడు. సొంత ఇల్లయినా, సొంత బీరువా అయినా, ఆఖరికి ఫ్రిజ్ అయినా అంతే. ఒకసారి ఇంట్లో రేడియో గట్టిగా మోగుతుంటే ఎవరికీ వినిపించక, తాళంచెవి జేబులో ఉన్నా, కుంభవృష్టిలో సొంత గుమ్మం ముందు తడుస్తూ నిలబడ్డాడు. అత్తయ్య ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నెత్తి కొట్టుకుంటుంది.

ఇంటివరకే అయితే ఎవరికీ పేచీ లేదు. మావయ్య పని జనాన్ని సముద్రంలో డైవింగుకి తీసుకెళ్ళడం. ఒడ్డుకి కాస్త దూరంలో ఒక పాత సరుకుల ఓడ ఉంది. అది ముసలిదైపోయాక నూనె, మసి అన్నీ కడిగి, చేపలు కాపురం పెట్టుకుంటాయని కావాలనే ముంచారు. ఇప్పుడు దాని ఒళ్ళంతా పగడాలు. అక్కడా మావయ్యది ఇదే వరస. కత్తి పిడితో ఇనప తలుపు మీద టకటకా కొట్టి, చేతులు కట్టుకుని నీళ్ళలో వేలాడుతూ జవాబు కోసం ఎదురుచూస్తాడు. సిలిండర్లో గాలి అయిపోతోందని వెనకున్నవాళ్ళు గింజుకుంటారు. కొన్నిసార్లు తల అడ్డంగా ఊపి, పైకి పదండని బొటనవేలు చూపిస్తాడు. ఎందుకని పడవలో నిలదీస్తే, ఇంట్లోవాళ్ళు ఇవాళ వద్దన్నారండీ అంటాడు. ఊళ్ళో ఆయనకి పర్మిషన్ మాస్టారని పేరు పడిపోయింది.

మేనకోడలికి ఆ ఓడలోనే పని పడింది. ఆమె తండ్రి జుట్టు నెరిసేదాకా అందులో గరిటె తిప్పిన వంటవాడు. చెవులు పాడై ఇప్పుడు నీళ్ళలోకి దిగే యోగం లేదు. "నా వంటగదిలో ఇప్పుడెవరున్నారో ఒక్కసారి చూసి రా అమ్మా" అని కూతుర్ని అడిగాడు. ఆమె లెక్కల టీచరు. సెలవు పెట్టి వచ్చి, స్విమ్మింగ్ పూల్లో మావయ్య దగ్గర శిక్షణంతా పూర్తి చేసింది. లోతు నీళ్ళంటే చిన్నప్పట్నుంచీ హడలన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటిరోజు ఆ చీకటి తలుపు చూడగానే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. మావయ్య తట్టాడు, ఆగాడు, తల అడ్డంగా ఊపాడు. పడవలో మిగతావాళ్ళు ఆయన్ని దుమ్మెత్తిపోశారు. పైకి ఆమె కూడా విసుక్కుంది. లోపల మాత్రం బతుకుజీవుడా అనుకుంది.

మర్నాడు ఒక కండల వీరుడు తోడయ్యాడు. దారి పొడుగునా తాను ఈదిన సముద్రాల గురించే చెప్పాడు. ఆ రోజు ఆమెకు భయం కాస్త సద్దుమణిగింది. తలుపు లోపల తిరుగుతున్న నీలి చేపలు కూడా కనిపించాయి. మావయ్య తట్టాడు. ఆమె ఊరికే ఆయన ముఖం వైపు చూసింది. ఆయన చూపు తలుపు మీద లేదు, వీరుడి నోటి దగ్గర్నుంచి లేస్తున్న బుడగల మీద ఉంది. అవి ఎసట్లోలా తెరిపి లేకుండా వస్తున్నాయి. అద్దం వెనక వీరుడి కళ్ళు ఇంతింతయ్యాయి. మావయ్య తల అడ్డంగా ఊపాడు. మొన్నటిదాకా పిచ్చి అనుకున్నది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

పడవెక్కగానే వీరుడికి ధైర్యం తిరిగొచ్చింది. తుప్పు పట్టిన ఓడలో ఎవరుంటారని మావయ్య మీద ఎగిరిపడ్డాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి మేడం, మీకేమైనా వినిపించిందా?"

ఆమె సెలవు రేపటితో సరి. ఇవాళ లోపలికి వెళ్ళగలిగేదే. అయినా నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"వినిపించిందండీ. వద్దనే అన్నారు."

మావయ్య తాడు చుట్టడంలో పడిపోయి తలెత్తలేదు. కానీ మర్నాడు ఆమె అడక్కుండానే పొద్దున్నే పడవ సిద్ధం చేశాడు. వెళ్ళింది ఇద్దరే. తలుపు తట్టి, ఆమె బుడగలు చూశాడు. అవి తీరిగ్గా లేస్తున్నాయి. పక్కకి తప్పుకుని, ముందు నువ్వే అన్నట్టు చెయ్యి చాచాడు.

ఒడ్డుకి రాగానే ఆమె తండ్రికి ఫోన్ చేసింది. పొయ్యిలో ఒక లావుపాటి చేప కాపురముందని, దగ్గరికెళ్తే కదలకుండా గుడ్లురిమిందని చెప్పింది. తండ్రి, పొయ్యి చల్లారినా వంటగది బోసిపోలేదన్నమాట అని తెగ సంబరపడ్డాడు.

ఆమె గుండె నిండిపోయి మావయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన సిలిండర్లు కడుగుతున్నాడు.

"నలుగురిలో నా పరువు కాపాడావు మావయ్యా. నీ మేలు మరిచిపోను."

మావయ్య కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"ఆ మాట గట్టిగా అనకమ్మా. నువ్వన్నది నమ్మి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకునేదాకా రోజూ వస్తానని ఆ కండలాయన పట్టుబట్టి కూర్చున్నాడు."