సూది మొన

మా పెద్దమ్మ ఆసుపత్రి కుట్టుగదిలో ముప్పైరెండేళ్లు చిరిగిన దుప్పట్లూ రోగుల గౌన్లూ బాగుచేసింది. ఆమె పదవీ విరమణ సభలో చదవడానికి రెండు పేజీల జీవితకథ రాయమని తోటివాళ్లు నన్నడిగారు. రాసే విద్య నాకెవరూ నేర్పలేదు. మొదటి వాక్యమే మనిషిని కట్టిపడెయ్యాలని ఎక్కడో చదివాను. దాన్నే పట్టుకున్నాను.

ముందురోజు సాయంత్రం వాళ్ల వంటింట్లో ఆమెకి చదివి వినిపించాను.

“ఆ రోజు విరిగిన సూది మొన కోసం ఆమె వెతకలేదు. అది దుప్పట్లో ఉండిపోయి, ఒక పసివాడి పాదంలో దొరికింది.”

బఠాణీలు ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

“ఏమే, ఇది నీకు చెప్పాను గానీ కాగితానికి చెప్పానా?”

ఇరవయ్యేళ్లుగా ఆ సంగతి ఆమె ఇంకెవరికీ చెప్పలేదు. అది ఎవరి మిషను మీద విరిగిన సూదో తోటివాళ్లకి ఇప్పటికీ తెలియదు. రేపు సభలో నేనే దాన్ని చదివి బయటపెట్టబోయాను. నాకు తల కొట్టేసినట్టయింది.

“మొదలు బాగుంటుందని...” అని నసిగాను.

“ఎవరికి బాగుంటుంది? సరే, చివరేం పెట్టావో అదీ చదువు.”

“తృప్తి నిండిన మనసుతో ఆమె సెలవు తీసుకుంది.”

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. “రేపటి తృప్తి ఇవాళే రాసేశావా? నన్ను పంపెయ్యడానికి నాకంటే నీకే తొందరగా ఉందే!”

అక్కడే కూర్చుని రెండూ కొట్టేశాను. ఆమె ఉద్యోగంలో చేరిన రోజుతో మొదలుపెట్టాను. చివర ఖాళీగా వదిలేశాను.

మర్నాడు దిద్దిన కాగితాలు చూపిద్దామని కుట్టుగదిలోకి వెళ్లాను. పూలగుత్తి పట్టుకుని అందరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ మాత్రం కుర్చీలోంచి కదలడం లేదు. ఆఖరి గౌను కుడుతుంటే సూది విరిగిందట. ముక్కలన్నీ కాగితం మీద అతికించి, పూర్తి సూది అయితేనే లేవడం ఆమె పద్ధతి. మొన దొరకలేదు.

“ఇవాళ కూడానా అక్కా! ఆ కుర్చీతో సహా మోసుకుపోమంటావా?” అన్నాడు పూలగుత్తి పట్టుకున్న, గుడ్డలు ఇస్త్రీ చేసే ఆయన.

“ఇవాళ కూడా ఎందుకో చెప్తాను, విను.”

కిందికి దిగి, నేల తడుముతూనే, తల ఎత్తకుండా ఆ పసివాడి సంగతి చెప్పింది. నేను రెండు వాక్యాల్లో తేల్చేసిన దానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

ఇస్త్రీ ఆయన పూలగుత్తి మిషను మీద పెట్టి, తనూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరం వెతికాం.

మొన నా చెప్పు అడుగున గుచ్చుకుని ఉంది.

పెద్దమ్మ దాన్ని పీకి, కాగితం మీద అతికించి, అప్పుడు లేచింది. నా కాగితాలు సంచిలోనే ఉన్నాయి. బయటికి తియ్యడానికి నాకు మొహం చెల్లలేదు.