దొరసాని ఇచ్చిన బ్రోచ్

సఖినేటిపల్లి బస్సులో నా పక్క సీటు ఆవిడ పైటకి పెట్టుకున్న బ్రోచ్ అప్పడమంత ఉంది. ఎదురొచ్చే లారీలు హెడ్‌లైటనుకుని తప్పుకునేటంత మెరుపు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆవిడే చెప్పింది.

"మా తాతమ్మ ఊడుపులకెళ్తూ చదువు నేర్చుకుందని మిషన్ బడి దొరసానిగారు మెచ్చి ఇచ్చేరంటండి. ఇంగ్లండులో వెయ్యేళ్ల కిందటి ఆంగ్లో సాక్సన్ల కాలం నాటిదంట. మా ఇంటి పెళ్లికూతుళ్లందరూ ఇదే పెట్టుకున్నారు. రేపు చర్చిలో మా అమ్మాయికి పెడతానండి."

ఆంగ్లో సాక్సన్ల గురించి నాకు తెలిసిందల్లా పకోడీల పొట్లం మీద చదివిన అరపేజీ. అయినా మహాపండితుడిలా గొంతు సవరించుకున్నాను.

"అవి ఎక్కడ దొరుకుతాయో తెలుసాండీ? సమాధుల్లో. ఆడవాళ్ల శవాల భుజాల మీంచి ఊడదీసి తెస్తారు. మీ దొరసానిగారు ఎవరి మీంచి తీసేరో మరి."

"నిజమేనాండీ, అన్నయ్యగారూ?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ బ్రోచ్ తీసి ఒళ్లో బోర్లా పెట్టుకుంది. వెనక కంపెనీ ముద్ర, నెంబరుతో సహా కనిపించింది. ఏ శవాన్నీ ఎరగని ఫ్యాక్టరీ సరుకు. ఆ మాట చెబితే రేపటి పెళ్లికి అది పనికొచ్చేది, నా పాండిత్యం మాత్రం బస్సులోనే చచ్చేది. నోరు మూసుకున్నాను.

రాజోలులో ఆవిడ ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో జారిపోతున్న పైట పట్టుకుని లేచింది. బ్రోచ్ సీటు మీదే ఉంది.

"మర్చిపోయేరండీ" అన్నాను.

"లేదండి, అన్నయ్యగారూ" అని దిగిపోయింది.