రెండో భాగమే ముందు

అరసవల్లిలో షాపు పెట్టుకుని ఆదివారం నాడు షట్టరు దించేసే మొనగాడు ఎవరైనా ఉన్నారంటే అది మా ఆయన ఎలీషాయే. సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం విరగబడి వచ్చేదే ఆదివారం. లాడ్జీలో గది ఇవ్వాలంటే ఆధార్ జెరాక్సు అడుగుతారు. ఊరంతా జెరాక్సుల కోసం పరుగులు పెడుతుంటే ఈయన తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయల్దేరతారు. పోనీ సోమవారమైనా పని మీద ధ్యాస ఉంటుందా అంటే అదీ లేదు. జెరాక్సు మిషను పక్కన ఒక ఇనప బీరువా ఉంది. అందులో ఉండాల్సినవి తెల్లకాగితాల కట్టలు. ఉన్నవి బొమ్మల కథల పుస్తకాలు.

చిన్నపిల్లల పుస్తకాలనుకునేరు. నేనూ అలాగే అనుకుని పెళ్ళయిన కొత్తలో పాత పేపర్లవాడికి వేసేయబోయాను. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఇవి పెద్దవాళ్ళు చదివేవి, ఇప్పుడిప్పుడు వస్తున్న సీరీసులు. ఒక్కో కథ నాలుగైదు భాగాలుంటుంది. బస్సు డిపోలో దయ్యాలు డ్యూటీ చేసే కథ ఒకటి, చంద్రుడి మీద జీడితోట వేసిన ముసలమ్మ కథ ఇంకొకటి. కొత్త భాగం వచ్చిందంటే ఈయన పోస్టుమేన్ కోసం వీధి చివరిదాకా ఎదురెళతారు. నన్ను చూసుకోడానికి మా ఊరు వచ్చినప్పుడు కూడా అంత తొందర పడలేదు.

షాపులో సగం నా కుట్టుమిషనుది, సగం ఆయనది. జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళు గానీ, లామినేషన్ కోసం నిలబడ్డవాళ్ళు గానీ, ఖాళీ చేతులతో కనబడితే చాలు, ఈయన వదలరు. ముందు మనిషిని ఎగాదిగా చూస్తారు. "పొద్దున్నేటి తిన్నావు?" అని అడుగుతారు. ఉప్మా అన్నవాళ్ళకి ఒక కథ, చద్దన్నం అన్నవాళ్ళకి ఇంకో కథ. ఆ లెక్కేమిటో పద్నాలుగేళ్ళ నుంచి చూస్తున్నా నాకు అంతుపట్టలేదు.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఏ కథైనా సరే, రెండో భాగమే ముందు చేతిలో పెడతారు. ఇదెక్కడి చోద్యమని అడిగితే ఆయన సమాధానం ఎప్పుడూ ఒక్కటే.

"మొదటి భాగంలో ఈడు ఫలానా, ఆడు ఫలానా అని సెప్పడమే సరిపోద్దే. పెళ్ళికెళ్తే భోజనాల టైముకి ఎళ్తాం గాని, స్నాతకం కాడినుంచి ఎవుడు కూకుంతాడు?"

ప్రతి పుస్తకం చివరి అట్టలో ఒక చీటీ ఉంటుంది. చదివినవాళ్ళు ఆ పుస్తకం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఒక ముక్క రాసి తీరాలి. 'అత్తతో మాటల్లేనివాళ్ళకి పనికొస్తుంది' అని ఒకరు రాశారు. 'మా ఆయనకి ఇవ్వొద్దు, రాత్రి ఒక్కడూ పెరట్లోకి వెళ్ళడం మానేశాడు' అని ఇంకొకరు. చీటీలో మొదటి ముక్క మాత్రం ఎప్పుడూ మా ఆయనదే. ఆయన వ్రాత అచ్చు గుద్దినట్టుంటుంది.

ఇంత జాగ్రత్త గల మనిషి తాయారు విషయంలో బోర్లా పడ్డారు.

తాయారు మా వెనకవీధి లాడ్జీలో దుప్పట్లు ఉతుకుతుంది. వారానికోసారి చిరిగిన దిండు గలేబులు మూటకట్టి తెచ్చి, నేను కుట్టేదాకా గోడకి ఆనుకుని కూర్చునేది. మాటా పలుకూ ఉండేది కాదు. పోయిన వేసవిలో ఒక సోమవారం మా ఆయన కన్ను ఆమె మీద పడింది.

"పొద్దున్నేటి తిన్నావు సెల్లీ?"

"ఏటీ తిన్నేదు."

ఈ జవాబు ఆయన లెక్కలో లేదు. బీరువా ముందు చాలాసేపు నిలబడి, చివరికి 'నూకాలు పడవ' రెండో భాగం తెచ్చి ఇచ్చారు. నూకాలనే పిల్ల, ఆమె తమ్ముడు, ఇద్దరికీ కలిపి ఒక పాత పడవ. తమ్ముడు పడవ ముక్కున కూర్చుని, ఎండుచేపలు మాడ్చేశావని అక్కని ఏడిపిస్తుంటాడు. కథంతా దాదాపు అదే.

నేను నాలుగో గలేబు కుడుతున్నప్పుడు నవ్వు వినబడింది. తలెత్తి చూశాను. తాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఈడు అచ్చం మా అప్పలసూరేనొదినా. ఇలాగే నా పేనాలు తోడీసీవోడు" అంది.

మరుసటి వారం మూడో భాగం తీసుకుంది. ఆపై వారం నాలుగోది. లాడ్జీ గలేబులు అంత తొందరగా ఎలా చిరుగుతున్నాయా అని నాకు అనుమానం కూడా వచ్చింది. నాలుగోది తిరిగి ఇస్తూ, "మొదటిది ఇయ్యన్నియ్యా. ఈలిద్దరికీ ఆ పడవ ఎక్కడ దొరికినాదో సూడాల" అంది. రేపు వెతికి ఉంచుతానన్నారు ఈయన.

ఆ మధ్యాహ్నం షాపులోనే అన్నం వడ్డిస్తూ అడిగాను. "అయితే పడవ ఎక్కడ దొరికినాదేటి?"

"పడవ సంగతి కాదే, మొదటి భాగం ఆకర్న తమ్ముడు ములిగిపోతాడు. రెండోదాన్నుంచి ఆడి మాటలన్నీ నూకాలు ఊహించుకున్నవే. అదే గదా అందం!" అన్నారు, పప్పు కలుపుకుంటూ.

గరిట గిన్నెలో పెట్టేశాను. "అప్పలసూరి ఎవులో తెల్సా మీకు?"

"తాయారు తమ్ముడు కాదేటి? ఏ ఊళ్ళో ఉంతాడు?"

"ఏ ఊళ్ళోనూ లేడు. నిరుడు నాగావళికి నీళ్ళొచ్చినప్పుడు గేదెని ఇప్పీడానికి ఏట్లోకి దిగినాడు. మూడోనాడు దొరికినాడు."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయారు. బీరువాలోంచి ఆ మొదటి భాగం తీసి, అట్ట తిప్పి నాకు చూపించారు. చీటీ మీద ఆయన వ్రాతే. 'ఈమధ్య మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఈ కథ ఇవ్వకూడదు.' అంత అందంగా రాసిన హెచ్చరిక మొదటి భాగంలో పడి ఉంది, ఈయనేమో ఎప్పటిలాగే రెండో భాగం ఇచ్చి కూర్చున్నారు.

పుస్తకం తీసుకెళ్ళి నా లైనింగు గుడ్డల అడుగున దాచారు. తాయారు వచ్చి అడిగితే, "ఎవులో అట్టుకెళ్ళి ఇయ్యలేదమ్మా" అన్నారు. ఆపై వారం కూడా అదే మాట. సండే స్కూల్లో పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పే మనిషి, తేలుకుట్టిన దొంగలా మిషను చాటున తల దించుకుని కూర్చున్నారు. నేనూ అబద్ధానికి తోడుపడ్డాను. దాదాపు ఏడాది తరవాత నవ్విన మనిషి. ఆ నవ్వు మా చేతుల మీదుగా పోకూడదని నా బాధ.

కానీ మా ఆయన పుస్తకాలు ఇవ్వడమే మానేశారు. ఎవరైనా అడిగితే, "నీకు నచ్చింది నువ్వే తీసుకో" అనేవారు. పొద్దున ఏం తిన్నారని ఎవరినీ అడగడం లేదు. ఇన్నేళ్ళూ ఆ పుస్తకాల పిచ్చిని తిట్టిన నాకే, షాపు అలా మూగబోతే ఏడుపొచ్చింది.

మూడోవారం మూట పట్టుకుని తాయారు గుమ్మం ఎక్కుతుంటే, ఈయన నా దగ్గరికి వచ్చి లైనింగు గుడ్డలు ఎత్తారు.

"వద్దండీ. ఏడుస్తాది" అన్నాను మెల్లగా.

"నా మీద కోపగించుకోనీ. పుస్తకం దాసీడం నాకు రాదే శాంతీ" అన్నారు.

తాయారుకి ఎదురెళ్ళి పుస్తకం అందించారు. "సెల్లీ, నీకు అబద్దమాడినాను. ఇది నా కాడే ఉన్నాది. ఇందులో ఆ తమ్ముడు ములిగిపోతాడు. నీ సంగతి తెలీక రెండోది ముందిచ్చినాను. సదువుతావో, మానుతావో నీ ఇష్టం."

తాయారు పుస్తకం కొంగు కింద పెట్టుకుని, గలేబుల మూట నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది. కుట్టినవి తీసుకోడానికి ఆ వారం రాలేదు. తరవాతి వారం కూడా రాలేదు. ఈయన రోజుకి పదిసార్లు వీధిలోకి తొంగిచూసేవారు. లాడ్జీకి వెళ్ళి చూసొద్దామంటే, "ఏ మొగం ఎట్టుకుని ఎల్తాను?" అన్నారు.

మూడో సోమవారం తాయారు వచ్చింది. కొత్త మూట నా ముందు పెట్టింది. పుస్తకం ఆయన బల్ల మీద పెట్టింది.

"నాకు ముందే తెల్సన్నియ్యా" అంది.

ఈయన నోరు తెరుచుకుని చూశారు. "ఎలాగ తెల్సు?"

"రెండోదాన్లో ఎండుసేపలు మాడిపోనాయని ఆడు ఏడిపిత్తాడు గదా. సూడు, ఒక్క బొమ్మలో కూడా ఆడు తినడు. ఆ పిల్లే తింతాది. అప్పుడే అనుకున్నాను."

ఆ కథ ఏడుసార్లు చదివిన మా ఆయన గబగబా రెండో భాగం తీసి మొదటినుంచి చివరిదాకా తిప్పారు. నిజమే. తమ్ముడి చేతిలో ఒక్క చేపముక్క లేదు.

"మరి తెలిసీ మొదటిది ఎందుకడిగినావమ్మా?" అన్నాను నేను.

"ఆ పిల్లకి ఆడు దొరికినాడో లేదో సూడాలనిపించినాదొదినా" అంది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తరవాత మా ఆయన పెన్ను అందుకుని, చీటీ మీద వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఏదో రాసింది. కుట్టిన గలేబులు తీసుకుని మెట్లు దిగుతూ, "అయిదోది ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

"వచ్చే నెల" అన్నారు ఈయన. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆయన చీటీ చదివి లామినేషన్ మిషను స్విచ్చి వేశారు. అది వేడెక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ లోపల నేను ఆయన చేతిలోంచి చీటీ లాక్కుని చదివాను. పైన ఈయన రాసిన హెచ్చరికని ఒకే గీతతో కొట్టేసింది. దాని కింద ఇలా ఉంది:

'మనిసి పోయినోలికి ఇయ్యి అన్నియ్యా. రెండోదే ముందు ఇయ్యి. కాసేపు బతికుంతాడు.'