అమ్మ పలకని పేరు

నా పేరుకి తామర అని అర్థం. ద్వారకా తిరుమల కొండమీద స్వామివారి పక్కనుండే అమ్మవారి పేరది. ఆ పేరుతో సినిమా తారలున్నారు, నాట్యం చేసేవాళ్ళున్నారు, మంత్రులయినవాళ్ళూ ఉన్నారు. తాడేపల్లిగూడెంలో ఏడో తరగతి చదివేటప్పుడు మా ఒక్క క్లాసులోనే నలుగురం. మాస్టారు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పిలిచేవారు. నేను మూడు. ఛీ, అదేం పిలుపండీ!

ఇంట్లోనూ ఆ పేరు వినపడేది కాదు. అది మా నాయనమ్మ పేరు. అత్తగారి పేరు కోడలు నోటితో పలక్కూడదని మావాళ్ళ పట్టింపు. అందుకని అమ్మకి నేను ఎప్పుడూ "పిల్లా"నే. నాన్నేమో కన్నతల్లి పేరు పెట్టి కూతుర్ని కేకలెయ్యలేక "అమ్మా" అనేవారు. నాయనమ్మ పోయినరోజు పంతులుగారు ఆవిడ పేరు అడిగితే, అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నావైపు చూసింది. నేనే చెప్పాను. చాదస్తం కాకపోతే, పోయినావిడ లేచొచ్చి వింటుందా? ఆవేళ అమ్మమీద నాకు ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళి చేసుకోలేదు నేను. పాఠాలు చెప్పే స్కూల్లో టీచరుగారిని, బ్యాంకుకెళితే మేడమ్‌ని. నాన్న కూడా పోయాక ఏలూరులో ఈ ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం.

రెండేళ్ళుగా అమ్మకి మతిమరుపు. ముందు మా వీధిని మరిచిపోయింది, తర్వాత నన్ను. కాఫీ చేతికిస్తే, "మీకెందుకండీ శ్రమ? ఎవరమ్మాయండీ మీరు?" అంటుంది ఎంతో మర్యాదగా. ఆ "అండీ" వింటే ఏడుపొస్తుంది నాకు. ఒక్కసారి గుర్తుపట్టవే అమ్మా, ఒక్కసారి చాలు, అని రోజూ బతిమాలేదాన్ని. ఫొటోలు చూపించాను. కొల్లేటిగట్టున మా సొంతూళ్ళో తామరాకుల్లో అన్నాలు తిన్న కబుర్లు చెప్పాను. ఉహుఁ, లాభం లేదు.

మొన్న మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నాను. డాబామీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. ముందుగదిలోంచి గట్టిగా నా పేరు వినిపించింది. "వడియాలు తడిసిపోతున్నాయే!"

వడియాలు ఎటు పోతే నాకేం? ముందుగదిలోకి పరిగెత్తాను. నన్ను నాయనమ్మ అనుకుని పిలిచిందేమోనని భయం. అమ్మ మంచంమీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. గుమ్మంవైపు బెదురుగా చూసి, గొంతు తగ్గించి, "అత్తయ్యగారు విన్లేదు కదే, పిల్లా?" అంది.

నన్నే పిలిచింది. ఇన్నేళ్ళూ నోట్లోనే దాచుకుందన్నమాట, పిచ్చితల్లి. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయాను.

"లేరమ్మా, ఊళ్ళోనే లేరు. మళ్ళీ పిలువు. గట్టిగా పిలువు."

అమ్మ నా మొహంలోకి చూసింది. పాపం, కింద కూర్చున్నానని జాలేసిందేమో, మంచంమీద కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

"ఎవర్నండీ?" అంది.