యుద్ధనౌకలో నా దుబాసీతనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో హిందీ బాగా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. కృష్ణానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. స్కూల్లో టీచరు నేర్పింది కొంత, యూసుఫ్‌గూడ నుంచి ఆడుకోవడానికి వచ్చే పిల్లలు నేర్పింది ఇంకొంత కలిపి, పదకొండేళ్లకే గలగలా మాట్లాడేదాన్ని. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

మా తాతయ్య సినిమా సెట్లు కట్టే వడ్రంగి మేస్త్రీ. కోస్తా నుంచి మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి సినిమావాళ్లతో పాటే హైదరాబాదు వచ్చేశాడు. ఆయన కట్టిన రాజమహల్ స్తంభాన్ని తట్టి చూస్తేగాని చెక్క అని తెలిసేది కాదు. ఫిలింనగర్ స్టూడియోల్లో పెద్దపెద్దవాళ్లు కూడా ఆయన్ని గౌరవంగా పిలిచేవారు. నా దృష్టిలో తాతయ్యకి రానిదంటూ ఏదీ లేదు.

తొంభైల చివర్లో ఒక సినిమాకి యుద్ధనౌక సెట్ కావాల్సొచ్చింది. ఆర్ట్ డైరెక్టరు నాలుగు ఫొటోలు చేతిలో పెట్టారు. తాతయ్య వాటిని గోడకి ఆనించి రెండు రోజులు చూస్తూ కూర్చుని, చూడనిదాన్ని కట్టలేనని ఆయనతో చెప్పేశాడు. బొంబాయిలో, పని విరమించిన ఒక పెద్ద యుద్ధనౌకని మ్యూజియంగా ఉంచారనీ, ఆ నెలలో కొన్నాళ్లు జనాన్ని లోపలికి రానిస్తున్నారనీ ఎవరో అంటే వెళ్లడానికి సిద్ధమయ్యాడు. కాకపోతే ఆయనకి హిందీ రాదు. నాకేమో సెలవులు. నన్ను దుబాసీగా తీసుకెళ్తానన్నాడు. నానమ్మ మొదట ఒప్పుకోలేదుగానీ, చివరికి తనే పులిహోర పొట్లాలు కట్టి సంచిలో పెట్టింది.

జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య పెరిగిన నాకు సముద్రమే కొత్త. ఆ ఓడ నాకు ఓడలాగే అనిపించలేదు. మా వీధి మొత్తాన్ని బూడిదరంగు వేసి నీళ్ల మీద నిలబెట్టినట్టుంది. మెట్లెక్కి పైకి చేరితే అంతా మైదానం! గాలికి గౌను ఎగిరిపోతుంటే నేను ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు తీశాను. తాతయ్య మాత్రం కిందకి వంగి ఆ నేలని అరచేత్తో నిమిరి చూశాడు. తర్వాత ఒక తలుపు దగ్గర ఆగి, జానలు వేస్తూ కొలవడం మొదలుపెట్టాడు. గడప మోకాలి దాకా ఉంది. పైన చూస్తే, తల వంచకపోతే నుదురు పగిలేలా ఉంది.

అక్కడ వచ్చినవాళ్లకి ఓడ చూపించే పెద్దాయన ఒకరున్నారు. తెల్ల చొక్కా, తెల్లటి మీసం. తాతయ్య కొలవడం చూసి గబగబా వచ్చి, ఏం చేస్తున్నారని హిందీలో గట్టిగా అడిగారు.

"చెప్పు అమ్మడూ," అన్నాడు తాతయ్య. "సినిమా కోసం చెక్కతో ఓడ కట్టాలి. ఓడల గురించి నాకేమీ తెలియదు. కాస్త నేర్పమని అడుగుతున్నానని చెప్పు."

ఆ మాట నా నోట రాలేదు. అంతమంది మధ్య, మా తాతయ్యకి ఏమీ తెలియదని నేనెలా చెప్పను? క్షణం తటపటాయించి, మా తాతయ్య చాలా పెద్ద మేస్త్రీ అనీ, ఇలాంటి ఓడలు ఎన్నో కట్టాడనీ, ఆయనకి అన్నీ తెలుసుననీ, ఊరికే ఒకసారి సరిచూసుకుంటున్నాడనీ హిందీలో దంచేశాను.

పెద్దాయన ముఖం బిగుసుకుపోయింది. అన్నీ తెలిసినవాళ్లకి తానేం చెబుతానని అంటూ, అడ్డంగా కట్టిన తాడు దాటొద్దని చెప్పి వెనక్కి తిరిగారు.

తాతయ్యకి హిందీ రాకపోయినా మనుషుల ముఖాలు చదవడం వచ్చు. నేనేం చెప్పానని అడిగాడు. అబద్ధం చెప్పడానికి ఇంక ధైర్యం చాల్లేదు. ఉన్నదంతా చెప్పి, తిట్లు తినడానికి సిద్ధంగా తల దించుకున్నాను.

తాతయ్య పకపకా నవ్వాడు. "అన్నీ తెలిసినోణ్ణయితే మీ నానమ్మ పులిహోర మోసుకుంటూ ఇంత దూరం ఎందుకొస్తానే!" అని, నన్ను అక్కడే నిలబెట్టి తనే పెద్దాయన వెనక వెళ్లాడు. రెండు చేతులూ జోడించాడు. కృష్ణానగర్ ఆటోవాళ్ల దగ్గర విన్న ముక్కలేవో కూడదీసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "సాబ్, మాలూమ్ నై. బిల్కుల్ మాలూమ్ నై. సిఖావ్," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఆగి చూశారు. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. పెద్దాయన కాసేపు తాతయ్య చేతుల మీది ఉలి గాట్లనే చూశారు. తర్వాత నెమ్మదిగా వచ్చి, దాటొద్దన్న తాడుని తనే పైకెత్తి పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన మమ్మల్ని వదల్లేదు. ఆ ఓడలోనే ఏళ్లతరబడి పనిచేశారట. ఒక గదిలోకి నీళ్లొస్తే పక్కగదిలోకి పోకుండా గడపలు అంత ఎత్తున పెడతారని చెప్పారు. ఓడలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి వారం నుదుటి మీద బొప్పి కడుతుందట. ఒకదానిపై ఒకటిగా మూడు వరసల్లో ఉన్న మంచాలు చూపించి, ఎలా పడుకునేవాళ్లో తెలియాలని, అంత వయసులోనూ మధ్య మంచంలోకి దూరి ముడుచుకుని పడుకున్నారు. బయటికి రావడానికి తాతయ్య చెయ్యందించాల్సొచ్చింది. ముగ్గురం ఒకటే నవ్వు. నేను మళ్లీ దుబాసీనయ్యాను. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. కిందకి దిగాక రేవుగట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. పెద్దాయన రెండో పొట్లం కూడా ఖాళీ చేసి, ఇది ఎలా చేస్తారని అడిగారు. తాతయ్య తడుముకోకుండా తెలియదన్నాడు. నేనూ తడుముకోకుండా అదే చెప్పాను.

కొన్ని వారాల్లో ఫిలింనగర్ స్టూడియోలో ఓడ లేచింది. ఇనుప మేకుల తలల్లా కనిపించడానికి సోడా మూతలు కావాలంటే, మా వీధి పిల్లలందరం బుట్టలకొద్దీ ఏరుకొచ్చాం. షూటింగ్ మొదటిరోజు తాతయ్య నన్నూ తీసుకెళ్లాడు. మా పక్కింట్లో ఉండే జూనియర్ ఆర్టిస్టు ఒకాయన నావికుడి వేషంలో పరుగెత్తుకొచ్చి, తలుపు పైకమ్మికి ఠపీమని తల కొట్టుకున్నాడు.

"ఏంది మేస్త్రీ, దర్వాజ గింత కిందికి వెట్టిండ్రు? జర మీదికి వెడితే ఏమైతుండె?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"బొప్పి కట్టిందా? కట్టిందా?" అంటూ తాతయ్య ఆయన నుదురు పట్టుకుని చూసి, సంబరంగా ఆర్ట్ డైరెక్టరు వైపు తిరిగాడు. "కట్టిందండీ! అచ్చం ఓడలాగే వచ్చిందండీ!" సెట్ అంతా గొల్లుమంది. దెబ్బ తిన్నాయన కూడా నవ్వేశాడు.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. నా జుట్టూ అక్కడక్కడ నెరుస్తోంది. స్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి, అన్నీ తెలిసినట్టు కనబడాల్సిన అవసరం నాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. నాకు తెలియదు అనడానికి ఇప్పటికీ ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో, ఓడ మీద అంతమంది మధ్య గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిన మనిషి గుర్తొస్తాడు. అప్పుడు అనేస్తాను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఎదురుగా ఉంటే, దాదాపు ప్రతిసారీ, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెడతారు.