జగదీశ్వర్ ‘ఇంకొక్కసారి’ అన్న రోజు

ఖేడ్‌లో పెళ్లి వీడియోలతో మొదలుపెట్టిన జగదీశ్వర్ ఇరవై ఏళ్లు డాక్యుమెంటరీ వాళ్లకు కెమెరా పట్టాడు. ఎండిన బోర్లు, చెరుకు కోతకు లారీలెక్కే జనం, అన్నీ తీశాడు. ఎవర్నీ మళ్లీ చేసి చూపించమని అడిగేవాడు కాదు, దొరికింది దొరికినట్టే తీసేవాడు. అందుకే ఏ గుమ్మం తొక్కినా మంచం వాల్చి కూర్చోబెట్టేవారు.

నలభై ఐదేళ్లకు ఓ కథా సినిమాకు డైరెక్టరయ్యాడు. అక్కడొచ్చింది చిక్కు. రైతు చనిపోయిన పదో రోజు భార్య గాజులు పగలగొట్టే సీనుంది. అది లేకపోతే సినిమానే లేదు. హైదరాబాద్ నటి ఏడుపు అతని కంటికి ఆనలేదు. ఆ సీను చేయమని ఊరి ఆడవాళ్లను అడిగాడు.

"నా మొగడు మంచిగున్నడు. నీకేం పొయ్యేకాలమచ్చిందిరా?" అని దులిపేసిందొకామె. మరి అనదూ! ముత్తైదువను అడిగే మాటేనా అది?

చివరికి నాగల్‌గిద్ద నీలమ్మ ఒప్పుకుంది. ఆరేళ్ల కింద ఆమె భర్త సంగప్ప పురుగుల మందు తాగి పోయినప్పుడు, జగదీశ్వర్ కెమెరా కింద పెట్టి పాడె మోశాడు.

"నాకింక పొయ్యేదేముంది తమ్మీ, నీ కోసం చేస్త," అంది.

బొట్టు పెట్టారు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులేశారు. నీలమ్మ చేతులు చూసుకుని కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాకైనా ఆపేయాల్సింది ఆ మనిషి. ఆపలేదు. పక్కనున్న ముసలామె రాయితో గాజులు కొట్టింది. వెలుతురు చాల్లేదు.

"ఇంకొక్కసారి అక్కా," అన్నాడు.

మళ్లీ గాజులు. రెండోసారి ఆటో హారన్ అడ్డమొచ్చింది. మూడోసారి ఆమె మణికట్టు తెగింది. నెత్తురు కడిగి నాలుగో డజను ఎక్కించారు. రాయి లేవగానే నీలమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"నా మొగడు ఒక్కసారే సచ్చిండు. నువ్వెన్నిసార్లు సంపుతవ్?"

కెమెరామన్ మధు డైరెక్టర్ వైపు చూశాడు. కట్ చెప్పాలి. చెప్పలేదు. ఆమె ఏడుస్తూ గట్టు దాటిపోయేదాకా తీయించాడు.

సినిమాకు అవార్డులొచ్చాయి. ఆమె ఆ మాట దేవుణ్ణి అడిగిందనుకుని జనం కళ్లు తుడుచుకున్నారు. జగదీశ్వర్ మాత్రం సిగ్గుతో చస్తూ, తప్పయిందని చెప్పుకుందామని నీలమ్మ ఇంటికెళ్లాడు. ఆమె గడప దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"సినిమ మంచిగచ్చిందంట గద," అంది. "ఇంక ఏం కావాలె?"